బోర్డులు రాసే మనిషి కూతురు

బడి గేటు దగ్గర కొత్త టీచరమ్మ నన్ను ఆపగానే నా గుండె గుభేలుమంది. టీచర్లు తల్లుల్ని ఊరికే ఆపరు. పిల్ల నీళ్ళ సీసా మర్చిపోతే ఆయా చేత కబురు పంపిస్తారు. టీచరే తరగతి వదిలి గేటు దాకా నడిచొచ్చిందంటే ఎక్కడో కొంప మునిగిందనే అర్థం.

"శుక్రవారం మీరూ, మీ ఆయనా ఇద్దరూ రావాలమ్మా. పెద్ద మేడమ్ పిలుస్తున్నారు," అంది. ఈ ఏడాదే చేరిన పిల్ల ఆవిడ, నాకంటే బాగా చిన్నది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పిచ్చుకని వెనక గదికి మార్చేస్తానంటున్నారు. నేను వద్దన్నాను కానీ నా మాట సరిపోదు. మీరు కూడా గట్టిగా చెప్పాలి."

పిచ్చుక మా అమ్మాయి. అసలు పేరు హాజరు పిలవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోరు మూయదని వాళ్ళ నాన్న పెట్టిన పేరే నిలిచిపోయింది. ఇప్పుడు నాలుగో తరగతి.

వెనక గది సంగతి ఆ బడికి పిల్లల్ని పంపే తల్లులందరికీ తెలుసు. సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డుకి ఆనుకుని ఉంటుంది. చదువు అబ్బని పిల్లల్ని ఏ తరగతి వాళ్ళనైనా అందులో వేస్తారు. ప్రత్యేక శ్రద్ధ అంటుంది పెద్ద మేడమ్. ఆ శ్రద్ధ ఏపాటిదో నేను కిటికీలోంచి చూశాను. మీసాలు మొలవబోయే పిల్లాడు కూడా రంగు పెన్సిలు పట్టుకుని పళ్ళ బొమ్మలు నింపుతున్నాడు. వాళ్ళకంటూ ఒక టీచరు లేదు. ఖాళీగా ఉన్నవాళ్ళు వచ్చి, ఓ మూల కూర్చుని, తమ పేపర్లు దిద్దుకుని వెళ్ళిపోతారు. ఆ గదిలోకి వెళ్ళిన పిల్ల తిరిగి తరగతికి వచ్చిందని నేనెప్పుడూ వినలేదు. కొన్నాళ్ళకి వాళ్ళే బడి మానేస్తారు, ఎవరూ ఎందుకని అడగరు.

మా పిచ్చుకని అందులో వేస్తారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజం చెప్పాలంటే మొదట్లో నేను ఆ టీచరమ్మనే అనుమానించాను. ఎందుకంటే పిచ్చుక నోటు పుస్తకం తెరిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గీత కిందకి దిగదు, పైకి ఎక్కదు. కొట్టివేత ఉండదు. అచ్చు గుద్దినట్టుంటాయి అక్షరాలు. ఒకటో తరగతి నుంచి వచ్చిన ప్రతి టీచరూ ఆ పుస్తకం ఎత్తి చూపించి మిగతా పిల్లల్ని చీవాట్లు పెట్టింది. "బోర్డులు రాసే మనిషి కూతురు మరి, ఎక్కడికి పోతుంది," అనేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని.

మా ఆయన బోర్డులు రాస్తాడు. మా వీధిలో మందుల షాపు, బట్టలు కుట్టే ఆయన కొట్టు, సైకిల్ రిపేరు, అన్నిటి మీదా ఆయన చేతిరాతే. ఈ బడి గేటు మీద పెద్ద బోర్డు కూడా ఆయనదే. ఇప్పుడంతా మిషన్ మీద ప్రింటు తీయించుకుంటున్నారు కానీ, చేత్తో రాసిన అక్షరంలో ఉన్న నిండుదనం మిషన్‌కి రాదని తెలిసినవాళ్ళు ఇంకా ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. నేనేమో ఒక క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. మా డాక్టరు గారి గిలుకుడు చదవగలిగింది లోకంలో నేనొక్కదాన్నే. తను రాసింది ఏమిటని ఆయనే ఒక్కోసారి నన్ను అడుగుతాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి చదవడం రాదంటే నమ్మడమెలా?

ఆ బడిలో పాఠం చదవడమంటే టీచరు ఒక వాక్యం అనాలి, తరగతంతా గొంతెత్తి అదే అనాలి. గది నిండా కిక్కిరిసిన పిల్లలు. ఆ హోరులో ఎవరు చదువుతున్నారో, ఎవరు ఊరికే అరుస్తున్నారో దేవుడికే తెలియాలి. మా పిచ్చుక గొంతు అందరికంటే పైన ఉండేదట. బొమ్మ చూసి ఏ పాఠమో గుర్తుపట్టి, చెవిన పడ్డది పడ్డట్టు అప్పజెప్పేసేది. నల్లబల్ల మీద ఉన్నది బొమ్మ దించినట్టు దించేసేది. కొత్త టీచరమ్మ వచ్చాక ఒక్కో పిల్లనీ పక్కకి పిలిచి, వాళ్ళెప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చేతికిచ్చి చదవమంది. పిచ్చుక ఆ కాగితం వంక చాలాసేపు చూసి, బొమ్మ ఏదీ అని అడిగి, ఆ తర్వాత ఏడ్చిందట.

"అక్షరం ఒక్కటే చూపిస్తే చెప్తుందమ్మా," అంది టీచరమ్మ. "పక్కపక్కన పెట్టి కలిపి చదవమంటేనే దారి తప్పుతుంది. తెలివి తక్కువై కాదు. కొంతమంది పిల్లలకి అక్షరం నుంచి మాటకి దారి దానంతటదే పడిపోతుంది. కొంతమందికి ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఓపిగ్గా వేయాలి. ఇన్నేళ్ళూ ఎవరూ వేయలేదు. రాత బాగుంది కదా అని వదిలేశారు."

ఓపిక అనే సరుకు నా దగ్గర ఎప్పుడూ తక్కువే. ఆ సంగతి క్లినిక్‌కి వచ్చే రోగులకి కూడా తెలుసు. అయినా ఆ రోజు నుంచి పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పిచ్చుక మొదటి అక్షరం చెప్పేది. రెండోది చెప్పేది. కలుపు అంటే నా మొహం వంక చూసేది. పుస్తకం వంక కాదు, నా మొహం వంక. నా పెదాలు ఎటు కదులుతాయో చూసి మాట అందుకోవడానికి. నేను పెదాలు బిగించుకుంటే తోచిందేదో అనేసేది. "మీ నాన్న ఊరందరికీ అక్షరాలు రాసిపెడతాడు, నీకు ఈ ఒక్క మాట చదవడం రాదుటే," అని అరిచేదాన్ని. అలా అన్నప్పుడల్లా మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పొద్దున బడి వేళకి దానికి కడుపునొప్పి మొదలయ్యేది. నొప్పి నటన కాదు, నిజంగానే చెమట్లు పోసేవి.

గురువారం సాయంత్రానికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెల్లారితే పెద్ద మేడమ్ ముందు కూర్చోవాలి. పుస్తకంలోవన్నీ కంఠతా వచ్చేశాయి కాబట్టి దానితో లాభం లేదు. కొత్త వాక్యాలు కావాలి, పెద్ద పెద్ద అక్షరాల్లో. వంటింట్లో గిన్నెలు తోముతూ ఆయన్ని కేకేశాను.

"ఏవండీ, ఆ పాత రేకు తెచ్చి ఇక్కడ పెట్టండి. నేను చెప్తుంటే మీరు రాయండి. ఎలుక చెప్పు కొరికింది."

పిచ్చుక కిసుక్కున నవ్వింది. ఆయన రేకు తెచ్చాడు, బ్రష్షు తెచ్చాడు, సుద్దతో గీత కొట్టాడు. బ్రష్షు ముంచి రేకుకి ఆనించాడు. ఆనించి అలాగే ఉంచాడు. రంగు బొట్టు కిందికి జారుతోంది.

"కాగితం మీద రాసివ్వు," అన్నాడు.

"నా చేతులు తడిగా ఉన్నాయి. ఎలుక చెప్పు కొరికింది. దీనికి కాగితమెందుకు?"

"రాసివ్వమన్నాను కదా."

"పిల్ల బతుకు బుగ్గిపాలవుతుంటే మీకు కాగితం కావాల్సొచ్చిందా?"

పిచ్చుక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆయన దాన్ని మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మని పంపించాడు. దాని అడుగుల చప్పుడు మెట్లెక్కి పైకి పోయేదాకా ఆగాడు. బ్రష్షు డబ్బాలో పెట్టి, గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు.

"నాకు చదవడం రాదు," అన్నాడు.

పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, కళ్ళు తిరిగి వాగుతున్నాడనుకున్నాను. కానీ ఆయన మొహం చూస్తే నవ్వు రాలేదు.

"బోర్డులు?"

"ఎవరైనా కాగితం తెస్తే దాన్ని చూసి దించుతాను. అక్షరం ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ సన్నబడాలో తెలుసు. ఒక్కోదాని పేరూ తెలుసు. నాలుగు కలిసి నిలబడితే మాత్రం అదేం మాటో నాకు తెలీదు."

అప్పుడు గుర్తొచ్చింది. బోర్డు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళతో, "ఒకసారి మీరే పైకి చదవండి, తప్పుంటే ఇప్పుడే తేలిపోతుంది," అనేవాడు. సుద్దతో గీశాక మళ్ళీ వాళ్ళ చేతే చదివించి, అప్పుడు రంగు వేసేవాడు. ఎంత జాగ్రత్త గల మనిషో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నేనే మెచ్చుకున్నాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో, పొద్దున్నే పేపరు నా చేతికిచ్చి, "నువ్వు చదువు, నీ గొంతులో వింటేనే వార్తలు బాగుంటాయి," అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఇన్నేళ్ళూ టీ చల్లారబెట్టుకుని పేపరు చదివి వినిపించాను. పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. ఇప్పుడు ఒళ్ళు మండిపోయింది.

"నా గొంతు బాగుంటుందని అబద్ధాలు చెప్పారన్నమాట."

"అది అబద్ధం కాదు," అన్నాడు.

"మీరు నోరు మూసుకోండి."

మూసుకున్నాడు. కాసేపటికి నేనే మళ్ళీ మొదలుపెట్టాను. కోపం కంటే రేపటి భయం పెద్దది. "సరే, అయిందేదో అయింది. ఈ మాట రేపు ఆవిడ ముందు చెప్పండి. పిల్ల మొద్దూ కాదు, మొండీ కాదు, నాలాగే దీనికీ ఇబ్బంది అని చెప్పండి. టీచరమ్మ అంటున్నది నిజమని తేలుతుంది."

"చెప్పను."

"దాన్ని వెనక గదిలో వేస్తారు."

"నన్ను వెనక బెంచీలో వేశారు. బతకట్లేదా?"

"దాక్కుని బతుకుతున్నారు," అన్నాను.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన గోడకి చేరగిలబడి, చాలా మెల్లిగా మాట్లాడాడు. "బోర్డులు రాసేవాడికి చదవడం రాదని బయటికి పొక్కితే నాకు పని ఎవరిస్తారు? ఇప్పటికే అందరూ మిషన్ వైపు పోతున్నారు. వీధి వీధంతా నవ్వుతుంది. పిచ్చుక కూడా నవ్వుతుంది. నా వల్ల కాదు. రేపు నేను రాను, నువ్వే మాట్లాడుకో."

పిచ్చుక బట్టల మూటతో దిగి వచ్చింది. వచ్చీ రాగానే, "ఎలుక ఏ కాలి చెప్పు కొరికింది?" అని అడిగింది. ఆయన రంగు డబ్బాకి మూత పెట్టేశాడు.

శుక్రవారం పెద్ద మేడమ్ గదిలో నేనూ పిచ్చుకా పక్కపక్కన కూర్చున్నాం. మూడో కుర్చీ ఖాళీ. పిచ్చుక నా కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. కొత్త టీచరమ్మ బల్ల పక్కన నిలబడి ఉంది, ఆవిణ్ణి కూర్చోమని ఎవరూ అనలేదు.

పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. జుట్టు నెరిసింది, కళ్ళ కింద నిద్ర లేని గీతలు. గదికి పట్టనంత మంది పిల్లలతో, చాలీచాలని టీచర్లతో బడి ఈడుస్తోంది. పై నుంచి తనిఖీకి వస్తే చదవలేని పిల్లలు తరగతిలో ఎంతమంది అని లెక్క అడుగుతారట. వెనక గదిలో ఉన్నవాళ్ళు ఆ లెక్కలోకి రారు. ఆవిడ కష్టం నాకు అర్థమైంది. కానీ ఆ కష్టం తీర్చడానికి నా పిల్లే దొరికిందా?

"వాళ్ళ నాన్నగారు రారా? ఇద్దరి సంతకాలూ కావాలి," అంది.

"వస్తారు," అన్నాను. ఎందుకు అన్నానో తెలీదు.

తలుపు చప్పుడైంది. వచ్చాడు. పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా చేతికి నీలం రంగు అంటుకుని ఉంది. నా వంక చూడకుండా మూడో కుర్చీలో కూర్చున్నాడు. వచ్చాడు కదా అని నా ప్రాణం కుదుటపడింది. కానీ రావడం వేరు, నోరు విప్పడం వేరు.

పెద్ద మేడమ్ నాలుగో తరగతి పుస్తకం తెరిచి పిచ్చుక ముందుంచింది. "చదవమ్మా."

పేజీ మీద సముద్రం బొమ్మ. పిచ్చుక వేలు పెట్టి అందుకుంది. "సముద్రం ఒడ్డున ఒక దీపస్తంభం ఉంది. అందులో ఒక ముసలి కాపలాదారు ఉండేవాడు." గలగలా పోతోంది, ఎక్కడా తడబాటు లేదు. వేలు మాత్రం మాటకంటే ముందు పరిగెత్తి పేజీ చివరికి చేరిపోయింది, నోరింకా సగంలోనే ఉంది.

పెద్ద మేడమ్ ఆ పుస్తకం మూసి, రెండో తరగతి పుస్తకం తెరిచి, బొమ్మ మీద తన అరచెయ్యి కప్పింది. "ఇప్పుడిది."

పిచ్చుక ఆ చేతి వంక చూసింది. నా మొహం వంక చూసింది. నేను తల పక్కకి తిప్పుకున్నాను, నా పెదాలు చూసి మాట అందుకోకూడదని. అప్పుడు వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"తో," అంది పిచ్చుక. "ట." ఆగింది. చెమట్లు పట్టాయి. "తోక," అంది.

"చూశారా?" అంది పెద్ద మేడమ్ మా ఇద్దరితో. "ఇందాకటిదంతా నాటకం. ఇంత ముద్దుగా రాసే పిల్లకి చదవడం రాకపోవడమేమిటి? రాయగలిగితే చదవగలగాలి. అయితే మొండికేస్తోంది, లేదా బుర్రకి ఎక్కడం లేదు. ఏదైనా సరే, తరగతిలో మిగతా వాళ్ళని ఆపి దీన్ని మోయలేను."

"మేడమ్, అలా కాదు, రాయడం వేరు," అని టీచరమ్మ మొదలుపెట్టబోయింది.

"నీకు ఇది మొదటి ఏడాది అమ్మాయీ. రాయడం వచ్చి చదవడం రాని మనిషిని నేనింతవరకు చూడలేదు."

నేను ఆయన మోకాలి మీద గట్టిగా గిల్లాను. ఆయన కదల్లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెప్పేస్తే పోతుంది, నేనే చెప్పేస్తాను, ఆయన పరువు ఏ గంగలో కలిస్తే నాకేం అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"నన్ను చూడండి మేడమ్," అన్నాడు మా ఆయన.

"ఏమిటి?"

"మీ గేటు మీద బోర్డు నేనే రాశాను. అందులో ఏముందో నాకు తెలీదు. బడి పేరని మీరు చెప్తే నమ్మాను."

పెద్ద మేడమ్ నవ్వింది. పిల్లని కాపాడుకోవడానికి తండ్రి అల్లిన కథ అనుకుంది. "భలేవారే," అంది.

ఆయన చెయ్యి చాపి, బల్ల మీదున్న రెండో తరగతి పుస్తకాన్ని తన వైపు తిప్పుకున్నాడు. వేలు పెట్టాడు. రంగు ఎండిన ఆ వేలు గీత తప్పడం నేను మొదటిసారి చూశాను. ఇంతెత్తు నిచ్చెన మీద నిలబడి గీత కొడితే వంకర పోని వేలు అది.

"తో," అన్నాడు. "ట. తో. ట." ఆగాడు. "తోటలో" అనడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, నాకు మాత్రం ఒక జన్మ పట్టింది. తర్వాతి మాట దగ్గర తప్పు పలికాడు, తప్పని తనకే తెలిసింది, వెనక్కి వెళ్ళాడు. వెళ్ళేసరికి మొదటి మాట మర్చిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆపేస్తాడేమో అనుకున్నాను, ఆపెయ్యమని చెప్పాలనిపించింది కూడా. ఆపలేదు. నలుగురు ఆడవాళ్ళ ముందు, అందులో ఒకరు సొంత కూతురు, అంత వయసొచ్చిన మనిషి ఒక చిన్న వాక్యం కోసం అలా కుస్తీ పట్టడం చూస్తుంటే జాలేసింది. అదే సమయంలో ఆయన్ని చూసి ఎప్పుడూ పడనంత గర్వపడ్డాను.

పిచ్చుక కుర్చీ దిగి ఆయన పక్కకి వెళ్ళింది. పుస్తకం వంక కాదు, ఆయన మొహం వంకే చూస్తోంది.

"నాన్నా, నీక్కూడా అంతేనా? రెండోది పట్టుకునేసరికి మొదటిది జారిపోతుందా?"

"అంతే," అన్నాడు.

"నా ఒక్కదానికే అనుకున్నాను," అంది అది. అని, బడిలో కాలుపెట్టిన దగ్గర్నుంచి మోస్తున్నది దించేసినట్టు పెద్ద ఊపిరి వదిలింది.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. పెద్ద మేడమ్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

"నాకు బాధగానే ఉంది," అంది చివరికి. "కానీ మీరే చెప్తున్నారు కదా, ఇది వంశంలోనే ఉందని. మీకు ఇన్నేళ్ళొచ్చినా రాలేదు. అలాంటప్పుడు పిల్లని తరగతిలో కూర్చోబెట్టి హింస పెట్టడమెందుకు? వెనక గదిలో హాయిగా ఉంటుంది. సంతకం పెట్టండి." కాగితం ఆయన ముందుకి జరిపి, పైన పెన్ను పెట్టింది.

ఆయన తన పరువంతా తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెడితే, దాన్నే తాడు చేసి పిల్ల మెడకి వేస్తోంది. టీచరమ్మ పెదవి కొరుక్కుంది.

ఆయన పెన్ను తీసుకున్నాడు.

"ఇందులో ఏం రాసుంది?" అని అడిగాడు.

"చెప్పాను కదండీ. పిల్లని మార్చడానికి మీకు అభ్యంతరం లేదని."

"మీరు చెప్పారు. నేను చదవలేదు." పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టాడు, మెల్లిగా, చప్పుడు కాకుండా. "ఇన్నాళ్ళూ ఎవరు ఏం చాపితే దాని మీద సంతకం గీకేశాను మేడమ్, చదవలేనని తెలుస్తుందేమో అన్న భయంతో. ఇప్పుడు తెలిసిపోయింది కదా, ఇంక భయమెందుకు? ఇది నా కూతురి కాగితం. నా కూతురే చదివి వినిపించాలి. ఆ రోజు పెడతాను."

"దానికి చదవడం వచ్చేది ఎప్పుడు?"

"వచ్చినప్పుడే."

"నేను కూడా పెట్టను," అన్నాను. నన్ను ఎవరూ అడగలేదు, అయినా అన్నాను.

"బెల్లుకి ముందు రోజూ అరగంట నేను విడిగా కూర్చోబెట్టుకుంటాను మేడమ్," అంది టీచరమ్మ గబగబా. "తరగతి పని ఏదీ ఆగదు. నా బాధ్యత."

పెద్ద మేడమ్ మా ముగ్గురి వంకా చూసింది. తర్వాత పిచ్చుక వంక, ఆ తర్వాత కాగితం వంక. "ఏడాది ఆఖరి దాకా చూస్తాను. తనిఖీకి ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఈ పిల్లని నీ పక్కన నిలబెట్టి నువ్వే జవాబు చెప్పాలి," అంది టీచరమ్మతో. కాగితం సొరుగులో పడేసి, వెళ్ళండన్నట్టు చెయ్యి ఊపింది.

వరండాలోకి వచ్చాక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. టీచరమ్మ తన తరగతిలోకి వెళ్ళిపోయింది, పిల్లల గోల మొదలైంది. పిచ్చుక మాత్రం ఏదో లెక్క తేలనట్టు మొహం పెట్టుకుని ఉంది.

"నాన్నా, ఆ కాగితం చదవడం నాకు వచ్చేస్తే నువ్వు సంతకం పెట్టేస్తావుగా? అయితే నేను నేర్చుకోను."

ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు చదివి, ఇది పెట్టొద్దు నాన్నా అని చెప్పాలే. అందుకే నేర్చుకోమంటున్నది."

"చదవడానికి అమ్మ ఉందిగా."

"అమ్మకి చదవడం దానంతటదే వచ్చేసింది. మనకి ఎందుకు రాదో అమ్మకి తెలీదు. నీకు తెలుసు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది.

పిచ్చుక ఆలోచించింది. ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. తరగతి గది వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఇంకేదో అడగాలని ఉంది, నోరు రావడం లేదు. చివరికి పిచ్చుక చెవి దగ్గర వంగి గుసగుసగా అన్నాడు. "పొద్దున అరగంటకి నన్ను కూడా కూర్చోనిస్తుందేమో, మెల్లిగా మీ టీచర్ని అడిగిరా. ఎవరికీ వినపడకుండా."

మెల్లిగా అనే మాట దానికి ఎప్పుడు తెలుసు గనక. పరిగెత్తుకుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడింది. పాఠం అప్పజెప్పేటప్పుడు అందరికంటే పైన వినిపించే ఆ గొంతుతోనే అడిగింది. "టీచర్, పొద్దున మా నాన్న కూడా నా పక్కన కూర్చోవచ్చా? మా నాన్నకి కూడా చదవడం రాదు."

తరగతంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పక్క తరగతి కూడా. కిటికీల్లోంచి తలకాయలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మా ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. గేటు వైపు వెళ్ళిపోతాడని నేను చెయ్యి పట్టుకోబోయాను. కానీ ఆయన ఎక్కడికీ కదల్లేదు. టీచరమ్మ ఏమంటుందో వినడానికి అక్కడే నిలబడ్డాడు.